ఇదేవూరు రేవు: కొండవైపు తిరిగిన అమ్మ

పిల్లలూ, మీ అమ్మమ్మ ఒక మాట చెబుతుంది. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ‘ఇదేవూరు’ అన్నది ప్రశ్నా, జవాబా?

చిన్నది ప్రశ్న అంటోంది. పెద్దవాడు జవాబు అంటున్నాడు. ఇద్దరికీ మార్కులు వెయ్యాల్సిందే. ‘ఇది, ఏ, ఊరు’ అని విడగొట్టి చూడండి. ఆ ‘ఏ’ తెలియక అడిగే ‘ఏ’ అయితే అది ప్రశ్న. ఇది తప్ప వేరొకటి కాదని నొక్కి చెప్పే ‘ఏ’ అయితే అది జవాబు. రెండు చోట్లా ‘ఇది’ చివరి ఇకారం జారిపోతుంది. ఇత్వసంధి, మరిచిపోకండి. పలక మీద రాస్తే రెండూ ఒక్కటే. నోటితో అన్నప్పుడు గొంతులోని రాగాన్ని బట్టి తేడా తెలుస్తుందంటారా? ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. గాలి హోరులో పడవ మీంచి కేకేస్తే రాగం ఎటో కొట్టుకుపోయి మాట ఒక్కటే ఒడ్డు చేరుతుంది. ఈ రేవు కథంతా ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. కనుక ముందు వ్యాకరణం, తరువాత పురాణం.

ఇదేవూరు రేవుకు వచ్చే భక్తులు వాడపాలెంలో తెరచాప పడవ ఎక్కుతారు. కొండ వెనక బస్సు దిగి నడిచి వచ్చే దారి కూడా ఉంది గానీ, అమ్మను మొదటిసారి చూడబోయేవారు నీటి మీదనే రావాలన్నది ఇక్కడి ఆచారం. బస్సు దిగేచోట బోర్డు మీద ‘దేవూరు’ అని రాసి ఉంటుంది. అది చదివి, దేవుడు వెలసిన ఊరు గనుక దేవూరు అని అర్థం చెప్పుకునేవారు చాలామంది. వారిని తప్పు పట్టనక్కరలేదు. మొదటి అక్షరాన్ని ఎవరో బోర్డుకు చోటు చాలక వదిలేశారు, అంతే.

పడవ గంటన్నరసేపు ఒడ్డు వెంబడి సాగుతుంది. ఎదురుగా రెండు కొండలుంటాయి. కాడికి కట్టిన జోడెడ్ల పేర్లే వాటికి పెట్టారు, కుడిది ఎలపట కొండ, ఎడమది దాపట కొండ అని. సముద్రం మీంచి చూస్తే అవి రెండు కొండల్లా కనబడవు, ఒకటే రాతిగోడలా ఉంటుంది. సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, తిన్నగా ఆ గోడకేసే పోనిస్తాడు. కొత్తవాళ్లు పక్కవాళ్ల భుజాలు పట్టుకుంటారు. ఇక రాతికి కొట్టుకుంటామనుకునేసరికి ఎలపట కొండ ముక్కు పక్కకు తప్పుకున్నట్టయి వెనకాల నీళ్లు కనబడతాయి. పడవ లోపలికి తిరగగానే గాలి ఆగిపోతుంది, తెరచాప తడిగుడ్డలా వేలాడుతుంది. బయట అంత గోల చేసిన సముద్రం ఇక్కడ పళ్లెంలో పోసిన నూనెలా ఉంటుంది. ఇంజను పడవలు కూడా ఆ ముక్కు దగ్గర ఇంజను ఆపేసి తెరచాపతోనే లోపలికి వచ్చి, తెడ్లతో ఒడ్డు చేరాలి.

ఒడ్డున గుల్లల దిబ్బ మీద చిన్న పెంకుటి గుడి. అందులో మూరెడు ఎత్తున్న చెక్క విగ్రహం, ఇదేవూరమ్మ. అమ్మ వీపు సముద్రం వైపు, ముఖం కొండ వైపు ఉంటాయి. పడవ దిగి వచ్చిన భక్తుడికి ముందు కనబడేది వీపే. విగ్రహానికీ కొండరాతికీ నడుమ ఒక మనిషి పట్టేంత సందు ఉంది. అందులోకి వెళితేనే ముఖదర్శనం. ఇది తెలియక వీపుకే హారతి ఇచ్చేవారు, గుడి చుట్టూ తిరిగి ‘ముందు ఎటండీ?’ అని అడిగేవారు రోజూ ఉంటారు. పూజారమ్మ విసుక్కోదు. ‘ఎటునుంచి కొట్టినా కొబ్బరికాయ ఒకటే, కొట్టండి’ అంటుంది.

అమ్మ అలా ఎందుకు తిరిగిందో, ఆ పేరెలా వచ్చిందో ఇప్పుడు చెప్పుకుందాం.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. దక్షిణంగా చాలా దూరాన మొగలిదిబ్బ అనే పల్లె ఉండేది. నలభై గడప, అందరూ చేపల వేటకు వెళ్లే పల్లెవాళ్లే. సముద్రం ఏటా ఆ దిబ్బను ఒక వరస తినేసేది. ఒక ఆశ్వయుజ మాసంలో చేపలెండబెట్టే మెరక పోయింది, వెంటనే అమ్మవారి పాక పోయింది. తేలిపోతున్న విగ్రహాన్ని చిట్టెమ్మ అనే ముసలామె మొలలోతు నీళ్లలోకి దిగి పట్టుకొచ్చింది. ఆ గుడిలో దీపం పెట్టేది ఆమే. ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, నడుమ మిగిలిన పట్టెడు ఇసుక మీద నలభై కుటుంబాలూ తాటాకులు కప్పుకుని ఉన్నాయి. కార్తీకంలో వచ్చే తుఫానుకు ఆ ఇసుక నిలవదు. ఈలోగా వేరే ఊరు చూసుకోవాలి. ఎక్కడ?

ఒక తెల్లవారుజామున చిట్టెమ్మకు కల వచ్చింది. అమ్మ తడిజుట్టు విరబోసుకుని దువ్వుకుంటోందట. ‘‘ఇదేవూరు అన్నచోట నన్ను దించండి. మీరూ దిగండి. అందాకా నన్ను నేల తాకనీయకండి’’ అందట. జుట్టు ముడి వేసుకుంటూ లేచి వెళ్లిపోయిందట.

చిట్టెమ్మ మేనల్లుడు కొర్లయ్య. ఆమె కూతురు నీలమ్మను చేసుకుని అల్లుడు కూడా అయ్యాడు. పల్లెలో అతణ్ని మించిన సరంగు లేడు. అలను చూస్తే దాని వయసు చెప్పగలడు. కానీ నీళ్ల మీద ఎంత గట్టివాడో నేల మీద అంత మెత్తన. ఏ చిన్న పనికైనా పదిమందిని అడుగుతాడు, పదకొండో మనిషి కోసం చూస్తాడు. అతడు తలగోక్కుంటూ అడిగాడు.

‘‘అన్నచోటంటే ఏటత్తా? ఇది ఏ ఊరని అడిగినచోటా? ఇదే ఊరని చెప్పినచోటా?’’

‘‘అమ్మ ఎలాగందో అలాగే నీకు సెప్పినాను.’’

‘‘రాగం ఎలాగుంది? అడిగినట్టుందా, సెప్పినట్టుందా?’’

‘‘దువ్వెన పళ్ల మద్దెన కరిసిపట్టుకుని జుట్టు ముడేసుకుంతంది. నోట్లో దువ్వెనుంతే రాగమెలాగ తెలుస్తాదిరా?’’

పల్లె పెద్దలు సగం మంది అటు, సగం మంది ఇటు అయ్యారు. చివరకు, ముందు బయలుదేరండి, దారిలో తెలుస్తుందన్నారు. విగ్రహాన్ని ఒళ్లో పెట్టుకుని చిట్టెమ్మ పడవెక్కింది. కొర్లయ్య చుక్కాని పట్టాడు. నీలమ్మ ప్రసవించి ఇరవై రోజులే అయింది. ఆడపిల్ల, తొలిచూలు. ఆ పసిగుడ్డుతో ఆమె ఇసుక మీదే ఉండిపోయింది. ‘‘ఊరు దొరికితేనే రా’’ అంది మొగుడితో. ‘‘ఇంకెవర్నో అడిగొత్తానని మాత్రం రాకు.’’

అయిదు రోజుల్లో అయిదు రేవులు తిరిగారు. ప్రతిచోటా కొర్లయ్య తెరచాప దించి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ‘‘ఇదేవూరు?’’ అని కేకేసేవాడు. ఒకచోట ఊరి పేరు చెప్పారు. ఒకచోట ‘నీకెందుకు?’ అన్నారు. మూడోచోట కుక్కలు తప్ప ఎవరూ పలకలేదు. నాలుగోచోటా పేరే చెప్పి పంపేశారు. అయిదోచోట ఒక పెద్దాయన మంచివాడు. ‘‘ఇది సోమరాజు రేవు నాయనా. దిగండి, గంజి తాగి వెళ్దురు’’ అన్నాడు. కొర్లయ్యకు ప్రాణం లేచి వచ్చింది. లంగరు వెయ్యబోయాడు.

చిట్టెమ్మ విగ్రహాన్ని పొట్టకు హత్తుకుంది. ‘‘ఆయన ‘ఇది’ అన్నాడు. ‘ఇదే’ అన్నేదు.’’

‘‘ఒక్కచ్చరం కోసం గంజి వదులుకుంతామా అత్తా?’’

‘‘గంజి కోసం ఒచ్చినామా, ఊరి కోసం ఒచ్చినామా?’’

పడవ కదిలింది. అప్పటికి చిట్టెమ్మ కాళ్లు మొద్దుబారి ఉన్నాయి. అయిదు రోజులుగా ఆమె విగ్రహాన్ని ఒళ్లోంచి దించలేదు. పడవ నేల కాదు కదా, పడవ చెక్క పలక మీద పెట్టొచ్చు కదా అని కొర్లయ్య అంటే, ‘‘పలక కింద నీల్లు, నీల్ల కింద నేల. ఎక్కడ మొదలో ఎక్కడ ఆకరో నాకు తెలీదు’’ అని జవాబిచ్చింది. ఆమెకూ అయోమయమే, అల్లుడికీ అయోమయమే. ఆమె మాత్రం తెలియనిచోట చెయ్యి వదలకుండా పట్టుకునే ఉంటుంది. అతడు తెలియనిచోట ఆగిపోతాడు. తేడా అంతే.

ఆరో రోజు పొద్దెక్కేసరికి తూర్పు ఆకాశం మసిపట్టిన కుండలా అయింది. కొర్లయ్య కొండ చాటుకు పోదామని రాతిగోడకేసి పడవను పోనిచ్చాడు. దగ్గరకు వెళ్లేసరికి గోడ రెండైంది. వెనకాల ఈ రేవు కనబడింది. లోపలికి వచ్చాక తెరచాప వాలిపోయింది. ఏ చప్పుడూ లేదు. అలవాటు ప్రకారం కొర్లయ్య చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

‘‘ఇదేవూరు?’’

క్షణం ఆగి దాపట కొండ వైపునుంచి స్పష్టంగా వినబడింది. ‘‘ఇదేవూరు.’’

చిట్టెమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. ‘‘అందిరా. అనేసింది. దించు నన్ను.’’

కొర్లయ్య కదలలేదు. ‘‘అత్తా, అది నా గొంతులాగుంది.’’

‘‘అమ్మ ఏ గొంతుతోనన్నా అంతాది.’’

‘‘ఉండు.’’ మళ్లీ కేకేశాడు. ‘‘ఓలమ్మో.’’ కొండ కూడా ఓలమ్మో అంది. ‘‘సూసినావా? కొండ తిప్పి కొడతంది. నేనడిగిందే నాకు పంపుతంది. ఇది జవాబు కాదు.’’

‘‘అడిగిన సోటు కూడా ఇదే కదా మరి.’’

‘‘అడగడం అయిదు సోట్లా అడిగినాను కదే అత్తా.’’

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు గుల్లల దిబ్బ వెనకనుంచి ఒకామె వచ్చింది. పేరు సూరమ్మ. ఏరు సముద్రంలో కలిసే మొగలో గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నం చేసి కొండ అవతలి ఊళ్లకు మోసుకెళ్లి ఇస్తుంది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి. పక్కన తొమ్మిది మేకలు.

కొర్లయ్య ఆశగా అడిగాడు. ‘‘అప్పా, ఇదేవూరు?’’

ఆమెకు అది అడిగినట్టు కాక, వీళ్లేదో ఊరు వెతుక్కుంటూ వచ్చి ‘ఇదే ఊరు’ అని తేల్చుకున్నట్టు వినబడింది. ‘‘ఊరా? నీకెవుడు సెప్పినాడు? ఊరంతే రెండిల్లయినా ఉండాల కదా. తగువాడుకుందావన్నా నాకు పక్కిల్లు లేదు. ఇది ఊరు కాదు బాబూ.’’

కొండేమో ఔనంది, మనిషేమో కాదంది. కొర్లయ్య పడవ అంచు మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి గాలివాన దిగింది. బయట సముద్రం కొండను బాదుతుంటే రేవులో నీళ్లు ఒక్క జానెడైనా లేవలేదు. సాయంత్రానికి వాన ఆగింది గానీ మబ్బు విడలేదు. ఇది ముందొచ్చే కబురనీ, అసలు తుఫాను వెనక ఉందనీ కొర్లయ్యకు తెలుసు. మర్నాడంతా ఆ రేవులోనే అటూ ఇటూ నడిచాడు. ఇదే ఊరనుకుని పల్లెను పిలుచుకొస్తే, కాకపోతే? అమ్మ మాట తప్పినందుకు అమ్మే ముంచేస్తుంది. కాదనుకుని వేరే రేవు వెతుకుతూ పోతే, ఈలోగా ఇసుక మీద నీలమ్మ, ఆ పసిగుడ్డు, నలభై కుటుంబాలు ఏమవుతాయి? పడవ దగ్గరకు వెళ్లి తెడ్డు తీసేవాడు. మళ్లీ పెట్టేసేవాడు.

‘‘నీ అల్లుడికి కాలికేటన్నా ముల్లిరిగిందా?’’ అని సూరమ్మ అడిగింది.

‘‘బుర్రలో ఇరిగింది’’ అంది చిట్టెమ్మ.

ముసలామె పరిస్థితి సూరమ్మ గమనిస్తూనే ఉంది. మేకపాలు తాగిస్తే తాగింది గానీ పడవలోంచి లేవలేకపోయింది. కాళ్లు స్తంభాల్లా వాచిపోయాయి. మూడోనాటి ఉదయం సూరమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి చాపింది. ‘‘ఇలాగియ్యక్కా. నీ కాలు సాగేదాకా నేనెత్తుకుంతాను. పిల్లని ఎత్తుకున్నట్టే కదా.’’

చిట్టెమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి ఇచ్చింది. ఆ విగ్రహం ముసలామె చేయి దాటడం ఎనిమిది రోజుల్లో అదే మొదలు. సూరమ్మ దాన్ని చంకనెత్తుకుని సున్నపు బట్టీ ఎగదోసింది, మేకలకు ఆకు వేసింది. అమ్మ అలా ఒక పూట పనిచేసుకునే ఆడమనిషి చంకన తిరిగిందని ఇక్కడివారు చెబుతారు. చంటిపిల్లల్ని చంకనెత్తుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరగడం అందుకే.

ఆ బట్టీ పొగ కొండ మీదుగా లేచింది. ఆ పొగే దారి చూపించింది. మొగలిదిబ్బ ఇసుకను గాలివాన కోసేస్తే, పల్లెవాళ్లు ఉన్న పడవలన్నీ వేసుకుని ఉత్తరంగా బయలుదేరారు. రాతిగోడ వెనక పొగ చూసి, ఇక్కడ మనుషులున్నారని అటు తిప్పారు. మధ్యాహ్నం ఎలపట కొండ ముక్కు పక్కనుంచి ఒక తెరచాప లోపలికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఇంకా ఇంకా. కుండలు, వలలు, ముసలివాళ్లు, కోళ్లు. పడవలు మునిగేంత బరువు. వాటి వెనక తూర్పున ఆకాశం నల్లగా లేచి వస్తోంది.

మొదటి పడవ ముక్కున నీలమ్మ నిలబడి ఉంది. చేతిలో బిడ్డ. రెండు రోజులుగా తడుస్తున్న మనిషి, గొంతు పోయింది. ఒడ్డున మొగుణ్ని చూసి ఉన్న బలమంతా కూడదీసుకుని కేకేసింది.

‘‘ఇదేవూరు?’’

కొర్లయ్య ఆమెను చూశాడు. బిడ్డను చూశాడు. వెనకాల ఆకాశాన్ని చూశాడు. అతని నోటినుంచి మాట వచ్చింది.

‘‘ఇదేవూరు.’’

కొండ కూడా అంది. ఎవరి మాట ముందో, ఎవరిది వెనకో అక్కడున్నవారెవరికీ తెలియలేదు. పడవలు ఒడ్డుకు తోసుకొచ్చాయి. నీలమ్మ తూలిపోతూ బిడ్డను ముందుకు చాపింది. దగ్గరగా ఉన్నది సూరమ్మ. పసిబిడ్డను అందుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఆమె చంకనున్న విగ్రహాన్ని చప్పున పక్కనున్న గుల్లల దిబ్బ మీద పెట్టేసి బిడ్డను అందుకుంది. ముఖం ఎటు, వీపు ఎటు అని చూసే తీరిక లేదు.

చిట్టెమ్మ చూసింది. ‘‘అయ్యో’’ అనబోయి ఆగిపోయింది.

ఆ రాత్రి తుఫాను రేవులోకి రాలేకపోయింది. నలభై కుటుంబాల్లో ఒక్క ప్రాణానికీ హాని కలగలేదు. తెల్లవారాక పెద్దలు, అమ్మ కొండవైపు తిరిగి ఉందనీ, సముద్రం వైపు తిప్పాలనీ చెయ్యి వేయబోయారు. చిట్టెమ్మ అడ్డుపడింది. ‘‘పిల్లనందుకునే తొందరలో దించినాం. ఎలాగ దించితే అలాగే కూకుంది. తల్లికి తెలీదేటి, ఎందుకు పక్కకి తిరిగిందో?’’ ఆ మాట కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సూరమ్మకే దీపం అప్పగించారు. ఇప్పటికీ పూజారమ్మలు సూరమ్మ పెంచుకున్న ఆడపిల్లల వంశం వారే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ గుడి మీద వేసిన పాత పుస్తకంలో దీన్ని వదిలేశారు. కొర్లయ్య ముసలివాడయ్యాక ఊరి పిల్లలు, ‘‘తాతా, ఆ వేళ అంత గట్టిగా ఎలాగ సెప్పగలిగినావు?’’ అని అడిగేవారట. అతడు నవ్వి, ‘‘నేను సెప్పినేదురా. నీలమ్మ అడిగింది కదా, నేనూ తెలీక అదే మాట అనుకున్నాను. ‘ఇది ఏ ఊరు?’ అని. మీ నీలమ్మ జవాబనుకుని దిగిపోయింది. అంత బరువు దిగిపోయాక కాదని ఎలాగనగలను?’’ అనేవాడట. నీలమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. ‘‘ఆ ఒక్కసారే ఎవర్నీ అడక్కుండా మాటాడినాడు. అది కూడా ఒద్దంతాడు’’ అనేది.

అమ్మ కలలో దువ్వెన కరుచుకుని ఎందుకు అందో ఇప్పుడు కొంచెం తెలుస్తోందా? పూర్తిగా తెలియకపోతే బెంగ పడకండి. బళ్లో మీ అమ్మమ్మ ఎన్నో ఏళ్లు ఈ సంధి చెప్పింది. ఈ ఒక్కచోట మాత్రం విడదీసి రాయమంటే చెయ్యి ఆగిపోతుంది.

నేటికీ ఇక్కడ ఆచారం ఇలా నడుస్తోంది. రేవులోకి వచ్చే ప్రతి పడవలోనూ సరంగు తెరచాప దించి ‘ఇదేవూరు?’ అని కేకేస్తాడు. ఇక్కడే పుట్టి, పొద్దున వేటకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాడు కూడా అడగాల్సిందే. ఒడ్డున ముందుగా ఎవరి చెవిన పడితే వారు, చేతిలో ఉన్నది కింద పెట్టి, ‘ఇదేవూరు’ అని పలకాలి. చేప కోస్తున్నా, తగువాడుతున్నా సరే. పలికాక చేతులు చాపాలి. పడవలోనివారు ముందు పసిపిల్లల్ని, తరువాత ముసలివారిని అందిస్తారు. సామాను ఆఖరున. పలికినవారు ఆ రాత్రికి వచ్చినవారికి అన్నం పెట్టాలి. వచ్చినవారు ఎవరు, ఎందుకు వచ్చారు అన్నవి తిన్న తరువాతనే అడగాలి.

కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అత్తింటి గుమ్మం ముందు ఈ మాట అడుగుతుంది, ఆడబిడ్డ పలుకుతుంది. బదిలీ మీద దూరం వెళ్లేవారు, ఏ పనిలో దిగాలో తేలక నలిగేవారు సందులోకి వెళ్లి అమ్మ ముఖం ముందు నిలబడి మెల్లగా ఈ మాట అంటారు. రాయి దగ్గరగా ఉంటుంది కనుక మాట వెంటనే తిరిగొస్తుంది. అది విని కొందరు తేలికపడతారు, కొందరు ఇంకా తికమకపడతారు. ఇద్దరికీ అమ్మ ప్రసాదం ఒకటే, మేకపాలతో వండిన పరమాన్నం. ఈ రేవులో దిగిన బిడ్డకు నిలువనీడ కరువుండదని, దిక్కు తెలియక వచ్చినవారిని అమ్మ నిలబెట్టి అడగదని పెద్దల మాట.

మిగతా సందేహాలు రేపు. మేడ మీద మిరపకాయలు సగమే తొడిమలు తీసింది మీ అమ్మమ్మ, మబ్బు పట్టేలా ఉంది. జరగండి, ఆ చేట ఇలా అందుకోండి.